షట్టర్ నత్తనడక నడుస్తుంటే: పైనుంచి కడగాలా, విప్పి శుభ్రం చేయాలా?

పాత కెమెరా లెన్స్‌లోని కాంపుర్ తరహా షట్టర్ (పలుచని రెక్కలు తెరుచుకుని మూసుకునే రకం) 1/100 సెకను దగ్గర బాగానే కొట్టి, 1 సెకను పెట్టగానే మధ్యలో ఆగిపోతోందంటే స్ప్రింగ్ పోయిందని టెన్షన్ పడకండి, చాలాసార్లు నెమ్మది వేగాలను నడిపే చిన్న పళ్ల చక్రాల్లో నూనె జిగురులా మారి ఉంటుంది.

పైనుంచి కడగాలంటే, లెన్స్ అద్దాలు తీసి, నిప్పుకి దూరంగా కూర్చుని, లైటర్ ఫ్లూయిడ్ చుక్కలు వేసి పదేపదే నొక్కడం సులువే. కానీ కరిగిన జిడ్డు ఎక్కడికీ పోదు, రెక్కల మీదకు పాకి ఆరాక వాటినే అతికిస్తుంది.

విప్పడానికి ఓపిక కావాలి. ప్రతి దశలో ఫొటో తీసుకుంటూ, ఆ చక్రాల అమరికను బయటకు తీసి కడిగి, ఇరుసులకు మాత్రం సూదిమొనంత వాచ్ ఆయిల్ పెట్టాలి. రెక్కలకు అసలు వద్దు!

నా ఓటు విప్పడానికే. కడగడాన్ని పరీక్షగా వాడుకోండి: తడిగా ఉన్నంతసేపు సరిగ్గా నడిచిందంటే దాదాపుగా జిడ్డే కారణం.