ట్రఫాల్గర్‌లో గాలి అద్భుతం, నైల్‌లో లంగరే దండగ

తెరచాపల కాలం నాటి యుద్ధాల ఆటల్లో ఫిరంగుల పొగ, నీళ్ల తళతళ ఎవరైనా బాగానే చూపిస్తారు. నన్ను ఏళ్ల తరబడి ఈ సిమ్యులేటర్‌కి కట్టిపడేసింది మాత్రం ఇందులోని గాలి.

1805 అక్టోబర్ 21 నాటి ట్రఫాల్గర్ నౌకాయుద్ధాన్నే తీసుకోండి. బ్రిటిష్ సేనాని నెల్సన్‌వి 27 పెద్ద యుద్ధనౌకలు, ఫ్రెంచి-స్పానిష్ సేనాని విల్నవ్‌వి 33. నెల్సన్ రెండు వరుసలుగా వచ్చి ఎదుటి ఓడల బారుని తెంపేశాడని అందరికీ తెలిసిందే. విల్నవ్ బారులో ముందున్న డ్యుమన్వార్ దళం వెనక్కొచ్చి ఎందుకు ఆదుకోలేదన్నది మాత్రం ఎంత చదివినా నాకు బుర్రకెక్కలేదు. విల్నవ్ పక్షాన ఆడినప్పుడు కళ్లారా చూశాను. వెనక్కి రమ్మని సిగ్నల్ ఇచ్చి, కెమెరాని మొదటి ఓడ మీదికి దించాను. చుక్కాని పూర్తిగా తిప్పే ఉంది. ఓడ ముక్కేమో గాలికి ఎదురు తిరగలేక సగంలో ఆగిపోయింది. తెరచాపలు కొయ్యలకి అతుక్కుపోయి ఓడ మెల్లగా వెనక్కి జారుతోంది. దాని వెనకది తప్పుకోబోయి గాలివాటుకి కొట్టుకుపోయింది. ఆలోగా నెల్సన్ ఓడ విక్టరీ పేల్చిన గుళ్లు విల్నవ్ ఓడ బూసెంటార్ వెనకభాగంలో దూరి ఆ చివరిదాకా చీల్చుకుపోయాయి. ఆ రోజు నిజంగానే పడవలు దించి, లాగి మరీ ఓడల్ని తిప్పుకోవాల్సి వచ్చింది. ఆటలో ఆ పడవలు లేవు. అదే పోరుని గాలి పెంచి ఆడితే ముందు దళం చకచకా తిరిగొచ్చి నెల్సన్ వరుసల్ని నలిపేసింది. ఫలితాన్ని ఎవరూ ముందే రాసిపెట్టలేదన్నమాట! ఎంత సంబరపడ్డానో.

కంప్యూటర్ కెప్టెన్లు వరుస తప్పరని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. మందగాలికైతే ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. గాలి మరీ జోరందుకుంటే సొంత ఓడలే గుద్దుకుని తాళ్లు చిక్కుపడతాయి.

అసలు బాధ నైల్ నౌకాయుద్ధంతో. 1798 ఆగస్టు 1న ఈజిప్టు తీరంలోని అబూకీర్ అఖాతంలో 13 పెద్ద ఫ్రెంచి నౌకలు ముందువైపు లంగరేసి బారుగా నిలిచాయి. లంగరు చుట్టూ ఓడ తిరిగేంత చోటుందంటే ఒడ్డువైపు కూడా సరిపడా లోతుంటుందని లెక్కగట్టి, బ్రిటిష్ ఓడ గోలియత్ కెప్టెన్ ఫోలీ అటునుంచి దూరాడు. బ్రిటిష్ ఓడలు వెనకవైపు లంగరేశాయి కాబట్టి గిర్రున తిరక్కుండా శత్రువు పక్కనే నిలిచాయి. గాలి ఎదురవడంతో బారు చివరనున్న ఫ్రెంచి ఓడలు సాయానికి రాలేకపోయాయి. ఇక్కడా తీర్పు గాలిదే. కానీ ఈ ఆటలో లంగరు ముందు నుంచే పడుతుంది. వేయగానే ఓడ గాలికి ఎదురు తిరిగిపోతుంది. తిరిగేటప్పుడు ముక్కో వెనకభాగమో శత్రు ఫిరంగుల ముందు పెట్టినట్టవుతుంది. ఎన్ని అప్‌డేట్లు వచ్చినా దీన్ని ముట్టుకోలేదు. గాలిని అంత శ్రద్ధగా మలిచినవాళ్లు లంగరుని ఇలా వదిలేయడం నాకు మింగుడుపడదు.

సాయంత్రాలు ఖాళీగా ఉండే మనిషిని, కాలాన్ని పరుగెత్తించే బటన్ జోలికి పోను, బారులు తీరిన పెద్ద పోరాటాలే నాకిష్టం. అందుకే నాకిది సరిపోయింది. 1813లో షానన్, చెసపీక్ అనే రెండు ఓడలు పావుగంటలో తేల్చుకున్నట్టు ఓడకి ఓడ తలపడే పోరాటాలు కోరుకునేవాళ్లకి ఓపిక నశిస్తుందేమో. నైల్ కోసమే కొనాలనుకుంటే మాత్రం లంగరు బాగుచేసేదాకా ఆగండి.