'మిడ్‌నైట్ డైనర్' నచ్చినవాళ్లకి వంటల సీరియళ్లు చూడమని చెప్పకండి

'మిడ్‌నైట్ డైనర్' అనే జపాన్ సీరియల్ నచ్చిందని అంటే చాలు, తిండి చుట్టూ తిరిగే జపాన్ సీరియళ్ల పేర్లు నాలుగు చెప్పేస్తారు. సీరియళ్లు చూసే యాప్‌ది కూడా అదే వరస. ఏళ్లుగా వీటిని చూస్తున్న నాకు ఇది నిజంగా కోపం తెప్పించే విషయం. టోక్యోలోని షింజుకులో అర్ధరాత్రి తెరిచే ఒక చిన్న హోటల్ కథ అది, అక్కడ ఎవరేం అడిగినా, సరుకులు ఉంటే హోటల్ నడిపే మాస్టర్ చేసి పెడతాడు. 2009 నాటి మొదటి ఎపిసోడ్‌లో నల్లకళ్లద్దాల యాకుజా (జపాన్ మాఫియా మనిషి) ర్యూ ఎర్ర సాసేజ్‌లు తింటాడు, గే బార్ నడిపే కొసుజు తియ్యటి ఆమ్లెట్ తింటాడు, చివరికి ఒకరి ప్లేట్లోది ఒకరు రుచి చూస్తారు. బయట ఎక్కడా పలకరించుకోని ఇద్దరికి కూర్చోవడానికి ఒక చోటు దొరికింది. నేను మళ్లీ మళ్లీ చూసేది దాని కోసం, ఆమ్లెట్ కోసం కాదు.

'కొదొకు నో గురుమె' అందరూ చెప్పేదే. గోరోగా నటించిన మత్సుషిగె యుతాక తినే తీరు ఎంత చూసినా విసుగు రాదు, కానీ అందులో గోరో ఒంటరిగా తింటాడు, ఒంటరిగానే హాయిగా ఉంటాడు. అంటే సరిగ్గా 'మిడ్‌నైట్ డైనర్'కి ఉల్టా.

నాకు అసలైన జోడీ అనుకోకుండా 'క్వార్టెట్' (2017)లో దొరికింది. రాసింది సకమొతొ యూజి. కరుయిజవా అనే కొండ ఊళ్లో ఒకే ఇంట్లో ఉండి సంగీతం వాయించుకునే నలుగురు, నలుగురి దగ్గరా ఏదో ఒక దాపరికం. చికెన్ వేపుడు మీద అడక్కుండా నిమ్మకాయ పిండేశారని మొదటి ఎపిసోడ్‌లోనే పెద్ద వాదన, అది చూసి సరదా సీరియల్ అనుకుంటాం. మూడో ఎపిసోడ్‌లో చెల్లో వాయించే సుజుమె తండ్రి ఆసుపత్రిలో చనిపోతాడు. చిన్నప్పుడు ఆ పిల్లని మహిమలున్న పాపగా చూపించి జనాన్ని మోసం చేసిన మనిషి. దగ్గర్లో ఒక హోటల్లో నలుగురిలో ఇంకొకరైన మకి, సుజుమె ఎదురెదురుగా కూర్చుంటారు, కత్సుదోన్ (అన్నం మీద పంది మాంసం వేపుడు) వస్తుంది. తండ్రి దగ్గరికి వెళ్లాలి కదా అని సుజుమె అంటుంటే, అక్కర్లేదని మకి ఆమె చెయ్యి పట్టుకుంటుంది. ఏడుస్తూ అన్నం తిన్న మనిషి బతకగలదని చెప్తుంది. ఆ మాట దగ్గర నేను ఆపేసి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. తండ్రి పోయినా వెళ్లకపోవడాన్ని తప్పు పట్టకుండా, పక్కన కూర్చుని తినే మనిషి! మాస్టర్ హోటల్లో దొరికేది కూడా ఇదే కదా.

అలాగని 'క్వార్టెట్' అందరికీ నచ్చుతుందని చెప్పలేను. మాయమైపోయిన మకి భర్త కథ మధ్యలో కాస్త సాగుతుంది. 'మిడ్‌నైట్ డైనర్'లోనూ, ముఖ్యంగా 2016 తర్వాత వచ్చినవాటిలో, కొన్ని ఎపిసోడ్‌లు పనిగట్టుకుని ఏడిపిస్తున్నట్టు ఉంటాయి.

నేను రాత్రిపూట ఒక్కదాన్నే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూస్తాను కాబట్టి నాకు 'క్వార్టెట్' కుదిరింది. అమ్మతో చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ నేనే తెలుగులో చెప్పాలి, అంత మాటల సీరియల్‌కి అది అయ్యే పని కాదు. ఆవిడకి మాత్రం గోరోయే బెస్ట్, సగం చెప్పకపోయినా అర్థమైపోతుంది. ఇద్దరికీ నచ్చింది 'కినో నాని తబెత' (2019), లాయర్ షిరో సూపర్‌మార్కెట్లో ధరలు చూసుకుని కొని, ఇంటికొచ్చి తనతో కలిసి ఉండే ప్రియుడు కెంజికి వండిపెట్టే కథ. మీ ఇంట్లో ఎవరు పక్కన కూర్చుంటారో చూసుకుని మొదలుపెట్టండి.