8 గేజ్ గిటార్ స్ట్రింగ్స్ రివ్యూ: వేలు కొస పోయినోళ్లు తప్పకుండ చదవండి

ముందే చెప్తున్న, నేను ఈ సన్న తీగల సెట్ కొన్నది సౌండ్ కోసం కాదు, వేలు కోసం. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల పని చేసేటప్పుడు బెల్టుల చెయ్యి పడి ఎడమ చేతి ఉంగరం వేలు కొస పోయింది, గోరుతో సహా, మూడేండ్లు అయితున్నది. అంతకుముందు పదేండ్ల సంది గిటార్ వాయిస్తున్న, ఆదివారం చర్చిల పాటలకు నేనే. కుట్లు ఊడినంక ఆశకొద్ది తీగ మీద ఆ వేలు ఆనిచ్చిన, కరెంటు కొట్టినట్టు భుజం దాక గుంజింది, గిటార్ తీసి బీరువా మీద పెట్టేసిన, ఏడాదిన్నర ముట్టుకోలే.

మళ్ల ఎట్ల మొదలైందంటె చర్చిల కీబోర్డ్ వాయించే తమ్ముడు ఒకరోజు ఇంటికొచ్చి "అన్నా, ఈయన వేళ్లు చూడు" అని ఫోన్ల టోనీ అయోమీ వీడియో పెట్టిండు. బ్లాక్ సబ్బత్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్ట్, ఇంగ్లండ్‌ల బర్మింగ్‌హామ్ ఆయన. 17 ఏండ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీల అదే ఆఖరి రోజు పని, మధ్యాహ్నం తిననీకి ఇంటికొచ్చి మళ్ల పోనంటె వాళ్లమ్మ పని పూర్తి చేసి రమ్మని పంపింది, ఆ రోజు ప్రెస్ మిషన్ మనిషి రాకపోతే ఈయన్ని నిలబెట్టిండ్రు, నడిమి వేలు, ఉంగరం వేలు రెండింటి కొసలు పోయినయి. ఎడమ చేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది కుడి చెయ్యి, తెగింది అదే చెయ్యి. తర్వాత ఆ ఫ్యాక్టరీ పెద్దమనిషి ఒకాయన జాజ్ గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించిండంట, ఆయన మంటల్ల కాలిన చేతితోటి రెండు వేళ్ల మీద సోలోలు వాయించినోడు. మా తమ్ముడు నాకు చేసింది కూడ అదే పని, ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలే.

అయోమీ ఏం చేసిండంటె అంట్లు తోమే లిక్విడ్ డబ్బా ప్లాస్టిక్ కరిగించి, వేలికి పట్టేటట్టు టోపీలు చేసుకుని, పైన పాత జాకెట్ తోలు ముక్క అతికించుకున్నడు. తీగలు కూడ గట్టియి నొక్కలేక సన్నయి ఏసుకున్నడు, ఆ రోజుల్ల అంత సన్నయి గిటార్‌కు దొరక్క బాంజో తీగలు వాడిండు. అట్లాంటి చేతితోనే 1970 ఒక్క ఏడాదిలనే బ్యాండ్ రెండు ఆల్బమ్‌లు తెచ్చింది, ముందు ఆయన రిఫ్ (పాటల మళ్ల మళ్ల వచ్చే గిటార్ ముక్క) పుట్టేది, మాటలు ఎక్కువ బ్యాండ్‌ల బాస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్ రాసేటోడు. 1971ల మూడో ఆల్బమ్‌కు వచ్చేసరికి కొన్ని పాటలకు గిటార్ శృతిని మూడు సెమీటోన్లు (మూడు అర స్వరాలు) కిందికి, సి షార్ప్‌కు దించిండు. ఆ బరువైన సౌండ్ మీద తర్వాత ఎంతమంది బతికిండ్రో చెప్పనక్కర్లే.

ఇప్పుడు సెట్ సంగతి. మొదట నేను పోయిన షాపుల "అన్నీ ఒక్కటే అన్నా" అని 11 గేజ్ ఇచ్చిండ్రు, రక్తం వచ్చింది. అన్నీ ఒక్కటి కాదు. 8 గేజ్ అంటె మొదటి తీగ అంగుళంల వెయ్యికి 8 వంతుల మందం. మామూలు సైజు ఎలక్ట్రిక్ గిటార్ మీద 10 గేజ్ మొదటి తీగ దగ్గర దగ్గర 7.3 కిలోల బిగువు మీద ఉంటది, 8 అయితే 4.7. దాన్ని మూడు సెమీటోన్లు దించితే 3.3కు వస్తది, అంటె 10 గేజ్ బిగువుల సగం కూడ లేదు! పాత పర్సు తోలు ముక్క కత్తిరించి వేలికి గమ్‌తోటి అతికించుకుని, మూడో తీగను ఏడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర మెల్లగ పైకి నూకిన, నొప్పి లేకుండ స్వరం ఎక్కింది. తోలు మీద తీగ గీత సన్నగ పడ్డది, ఆ ముక్క ఇప్పటికీ దాచుకున్న.

చర్చిల అందరూ మామూలు శృతిల పాడతరు కదా అని అడుగుతరేమో, మూడో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటిని ఒక్కసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టిన, శృతి యథాస్థానానికి వచ్చింది, తీగ మాత్రం వదులుగనే ఉన్నది.

లోపాలు కూడ చెప్పాలె. దించినంక తీగలు ఫ్రెట్లకు తగిలి జరజర అంటున్నయి, సన్నయి ఏస్తే నెక్ వెనక్కి పోతది కాబట్టి నెక్ లోపలుండే ట్రస్ రాడ్ కడ్డీని పావు తిప్పు వదులు చేసి, తీగలు ఆనే బ్రిడ్జి కొంచెం లేపిన, అప్పుడు సర్దుకున్నది. గట్టిగ నొక్కితే శృతి తప్పుతది, పాత అలవాటు మానుకోవాలె. మొదటి తీగ రెండు వారాలకే తెగింది. మన ఎండకు, చెమటకు తుప్పు కూడ తొందరగ పడ్తది, వాయించినంక పొడి గుడ్డతోటి తుడవకుంటె నెల కూడ ఆగదు. సౌండ్ 10 గేజ్ అంత నిండుగ రాదు, ఆంప్‌ల బాస్ కొంచెం పెంచుకుంటున్న.

650 పడ్డది, నేను 4 స్టార్లు ఇస్తున్న. అయోమీకి 2012ల క్యాన్సర్ అని తెలిసింది, అయినా వదల్లే, 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ స్టేడియంల 77 ఏండ్ల వయసుల బ్యాండ్ పాత ముగ్గురితోటి నిలబడి వాయించిండు, ఆ వీడియో నేను వేళ్లు మాత్రమే చూసుకుంట మూడుసార్లు చూసిన. ఇంకో రెండు సెట్లు ఆర్డర్ పెట్టిన, మీరు కొంటె మొదటి తీగలు విడిగ నాలుగు తెప్పించుకోండి.