గురక మౌత్‌పీస్: కొనేముందు దవడ ముందుకు జరిపి చూడండి

వేడినీళ్ళలో మెత్తబడ్డాక కొరికి పళ్ళ అచ్చు తీసుకునే మౌత్‌పీసులు ఆన్‌లైన్‌లో బోలెడు. పెట్టెమీద 'గురకకు చెక్' అని ఉంటుంది. ఎవరి గురకకో మాత్రం రాయరు.

నాలుకలోని ప్రధాన కండరం గడ్డం వెనక, కింది దవడ ఎముకకు అతుక్కుని ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే నిద్రలో దవడ జారి, నాలుక మొదలు గొంతులోకి వాలుతుంది. ఈ పరికరం దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు లాగి పట్టుకుంటుంది, నాలుకా వెంట వస్తుంది. అంతవరకే దీని పని. ముక్కు దూలం వంకరకీ, పెద్ద టాన్సిల్స్‌కీ ఇది చేసేదేమీ లేదు.

పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. వెల్లకిలా పడుకుని కావాలని గురక పెట్టండి. కింది పళ్ళను పైపళ్ళకంటే ముందుకు తెచ్చి మళ్ళీ గురక పెట్టండి. శబ్దం బాగా తగ్గితే డబ్బు దండగ కాకపోవచ్చు. అలా కాక, ముక్కు పక్కన బుగ్గను వేలితో చెవివైపు లాగితే ఊపిరి సులువైందా? ముక్కుమీద అతికించుకునే పట్టీ ప్రయత్నించండి, చవక కూడా.

ఒకే ముక్కగా వచ్చే రకం వద్దు. మిల్లీమీటరు గీతలుండి, పై భాగం, కింది భాగం జరుపుకునే రకమే తీసుకోండి. ఎక్కువమంది చేసే తప్పు, మొదటి రాత్రే దవడను చివరిదాకా లాగేయడం. తెల్లారేసరికి చెవి ముందు కీలు పట్టేస్తుంది, పరికరం అటకెక్కుతుంది. దవడ ఎంత ముందుకు రాగలదో అందులో సగంతో మొదలుపెట్టి, వారానికి ఒక మిల్లీమీటరు చొప్పున పెంచాలి. మొదట్లో చొంగ కారడం, పొద్దున కాసేపు పళ్ళు సరిగా కలవకపోవడం మామూలే. నొప్పి మధ్యాహ్నందాకా ఉంటే ఒక మిల్లీమీటరు వెనక్కి రండి. ఏళ్ళ తరబడి వాడితే పళ్ళ వరస కొద్దిగా కదులుతుంది, ఆ సంగతి పెట్టెమీద కనబడకపోవచ్చు. కట్టుడుపళ్ళు, కదిలే పళ్ళు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు.

అసలు ప్రమాదం వేరే. చప్పుడు తగ్గినా ఊపిరి ఆగడం అలాగే ఉండొచ్చు. నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్ళు చెబితే, లేదా మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటి బీపీ, పగటి కునుకు తోడైతే, ముందు నిద్రలో ఊపిరి తీరును కొలిచే స్లీప్ టెస్ట్ చేయించాలి. గంటకు 30 అంతకన్నా ఎక్కువసార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గడమో జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టే, అక్కడ మొదటి చికిత్స మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మిషనే. అంతకన్నా తక్కువైతే డెంటిస్టు కొలతలు తీసి చేసే మౌత్‌పీస్ మేలు. అది పెట్టుకుని మళ్ళీ టెస్ట్ చేయించాలి.

కడగడానికి చన్నీళ్ళే. వేడినీళ్ళు తగిలితే తీసిన అచ్చంతా పోతుంది.