పాత గోవాలో శౌరయ్య పండుగ

మా పల్లెలో శౌరయ్యలు, శౌరమ్మలు ఎంతమందో. ఆ పేర్లు కతోలికులు పునీతుడిగా కొలిచే ఫ్రాన్సిస్ జేవియర్ నుంచి వచ్చినవే. పాత గోవాలో ఉన్న ఆయన సమాధి ఒక్కసారి చూడాలన్న అమ్మ కోరిక అరవై దాటాక తీరింది. డిసెంబర్ 3న పండుగ. విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మడ్‌గావ్‌లో దిగాం.

బస విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. చవగ్గా ఉందని కలంగూట్ బీచ్ దగ్గర గది తీసుకున్నాను. పండుగ పూజకు తెల్లవారుజామున మూడింటికి టాక్సీ కావాలంటే ఒక్కరూ ఒప్పుకోలేదు, ఒప్పుకున్నాయన చెప్పిన రేటుకు అమ్మ నోరెళ్లబెట్టింది. మర్నాడే గది ఖాళీ చేసి పణజీకి మారాం. అక్కడి నుంచి పాత గోవా పది కిలోమీటర్లే. ఫొంటైన్యాస్ పేటలోని పాతకాలపు ఇంట్లో గది ముచ్చటగా ఉందిగానీ చెక్కమెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తే అడగండి. ఇంకోమాట: మ్యాపులో ‘గోవా వెల్హా’ (పోర్చుగీసులో ‘పాత గోవా’ అనే అర్థం) అని కనబడితే అటు పోకండి. అది వేరే ఊరు.

పండుగనాడు తెల్లారకముందే పూజలు మొదలవుతాయి. బండ్లను దూరంగానే ఆపేశారు, మిగతాది నడకే. చీకట్లో మాకు ముందు ఒక గుంపు పాడుకుంటూ నడుస్తోంది. బెళగావి వైపు నుంచి రోజుల తరబడి నడిచి వచ్చారట. కొందరి కాళ్లకు చెప్పులు కూడా లేవు. గుణదల కొండ ఎక్కేవాళ్లు గుర్తొచ్చారు నాకు.

ఆయన సమాధి ఉన్న చర్చి బోం జీజస్ బసిలికా. అది 1605లో పూర్తయింది. బయట సున్నం పూత లేదు, ఎర్ర లాటరైట్ రాయి అలాగే కనిపిస్తుంది. లోపల కుడివైపు పాలరాతి సమాధి, దానిపైన వెండి పేటిక. ఆ పాలరాతి కట్టడం ఇటలీలోని టస్కనీ ప్రభువు పంపింది, పేటిక మాత్రం గోవా కంసాలుల పని. నాకు రెండోదే నచ్చింది. భౌతికకాయాన్ని దగ్గరగా చూడొచ్చనుకుని వచ్చేవాళ్లు చాలామంది. అది పదేళ్లకోసారి మాత్రమే. మొన్న 2024 నవంబర్ నుంచి 2025 జనవరి దాకా జరిగింది. మామూలు ఏడాది పేటిక కిందే నిలబడి దణ్ణం పెట్టుకోవాలి. “ఇంత దూరం వచ్చి పెట్టెనేనా చూసేది?” అంది అమ్మ. అన్నదే గానీ, అక్కడి నుంచి కదలడానికి పావుగంట పట్టింది.

పూజ కొంకణిలో, బయట పందిట్లో. మాట అర్థం కాకపోయినా ఎక్కడ లేవాలో, ఎక్కడ మోకరించాలో అమ్మకు తెలుసు. అర్థం కాక బిక్కమొహం వేసింది నేనే! భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. పొద్దున పది దాటితే ఎండ, తోపులాట. తొమ్మిదిలోపు దర్శనం ముగించుకుంటే హాయి.

ఎదురుగా సే కెథెడ్రల్ అనే పెద్ద చర్చి ఉంది. రెండు గోపురాల్లో ఒకటి 1776లో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. పది నిమిషాలు చూసి వచ్చేశాం, ఎందుకంటే అమ్మ కళ్లు అప్పటికే తిరునాళ్ల మీదున్నాయి. కుర్చీలు, కుండలు, దుప్పట్లు, పచ్చళ్లు, ఎండు సాసేజీల దండలు. అన్నిటికన్నా ఎక్కువ రద్దీ ఖాజె దుకాణాల దగ్గర. మన కాకినాడ కాజా అనుకునేరు, కాదు. శనగపిండి కడ్డీలకు అల్లం వేసిన బెల్లం పాకం పట్టిస్తారు. బేరమాడితే దుకాణదారు నవ్వి గుప్పెడు ఎక్కువ వేశాడు, ధర మాత్రం తగ్గించలేదు.

తిరుగు బస్సు కోసం నలభై నిమిషాలు క్యూలో నిలబడ్డాం. పణజీ చేరాక రోస్ ఆమ్లెట్, పావ్ రొట్టె తిన్నాం. కోడికూర పులుసు పోసిన ఆమ్లెట్ అమ్మకు తెగ నచ్చేసింది. ఇంట్లో అందరికీ పంచుదామని కొన్న ఖాజె పొట్లం గుంతకల్లు వచ్చేసరికే సగమైంది.