గ్రేట్ సర్కిల్ మ్యాపర్: దూరం కచ్చితం, గంటలు మాత్రం మనమే సరిచూసుకోవాలి

రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దారిని మ్యాప్ మీద గీసి, దూరం చెప్పే సైటు ఇది. చూడ్డానికి పాతకాలపుదే. దూరం విషయంలో మాత్రం దీని మాట నమ్మొచ్చు. భూమిని గుండ్రటి బంతిలా కాక, ధ్రువాల దగ్గర కాస్త అణిగిన ఆకారంగా తీసుకుని లెక్కేస్తుంది. బంతి లెక్క వేసే సైట్లలో అర శాతం దాకా తేడా రావచ్చు. 15,000 కిలోమీటర్లలో అర శాతమంటే 75 కిలోమీటర్లు.

పెట్టెలో రెండు విమానాశ్రయాల కోడ్‌లు, మధ్యలో చిన్న గీత పెడితే చాలు. ఎస్ఐఎన్-జేఎఫ్‌కే అని ఇస్తే సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ కెనడీకి 9,537 అంటుంది. అవి మైళ్లు. యూనిట్ మారిస్తే 15,349 కిలోమీటర్లు. నాటికల్ మైళ్లు (ఓడలకు, విమానాలకు వాడే కాస్త పెద్ద మైళ్లు) ఎంచుకుని మామూలు మైళ్లనుకుంటే లెక్క 15 శాతం తప్పుతుంది. ఊరి పేరుతో వెతక్కుండా కోడ్ ఇవ్వడమే మేలు: ఆస్ట్రేలియా సిడ్నీ ఎస్‌వైడీ, కెనడా సిడ్నీ వైక్యూవై.

మధ్యలో ఆగే ప్రయాణమైతే ఆ కోడ్ కూడా వరసలో చేర్చాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అదే న్యూయార్క్‌కు దూరం సుమారు 1,100 కిలోమీటర్లే పెరుగుతుంది. గాల్లో గంటంపావు అదనం, అంతే. అసలు సమయం తినేది దిగడం, నేలమీద ఎదురుచూపు, మళ్లీ ఎక్కడం. అది ఈ లెక్కలోకి రాదు.

సమయం దగ్గరే ఈ సైటు తేలిపోతుంది. వేగం మనమిస్తే భాగహారం చేసి పెడుతుంది, అంతకుమించి ఏమీ లేదు. గంటకు 900 కిలోమీటర్లు వేసి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలిపితే చాంగీ-కెనడీ పదిహేడున్నర గంటలు వస్తుంది. టైమ్‌టేబుల్లో పద్దెనిమిదిన్నర దాటి ఉంటుంది. అందులో రన్‌వేకు వెళ్లే సమయం కొంత. మిగతాది దారి మళ్లింపు. సైటు గీసే గీత ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి పోతుంది. విమానం తరచూ పసిఫిక్ మీదుగా, వెనకగాలి దొరికే చోటుకు వెళ్తుంది. తిరుగు ప్రయాణంలో చాలాసార్లు అట్లాంటిక్ మీదుగా, అంటే మళ్లీ తూర్పుకే!

గాలి ప్రభావం ఎంతో దోహా-ఆక్లండ్‌లో తెలుస్తుంది. ఎటు నుంచి చూసినా సుమారు 14,535 కిలోమీటర్లే. తూర్పుకు పదహారు గంటల చిల్లర, పడమరకు పదిహేడు పైనే. పై ఎత్తుల్లో పడమర నుంచి వీచే జెట్ స్ట్రీమ్ వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటడం మామూలే. కాబట్టి ఒక వైపు లెక్క చూసుకుని రెండో వైపుకీ అదే వేసుకోకండి. టికెట్ మీది వేళలు తీసివేసి సరిచూడబోతే అవి స్థానిక వేళలని మరిచిపోవద్దు.

మూసిన గగనతలాల సంగతి కూడా దీనికి పట్టదు. 2022లో రష్యా దారి మూసుకుపోయాక హెల్సింకీ-టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి పదమూడుకు పెరిగింది. ఇందులో మాత్రం గీత ఇంకా సైబీరియా మీదుగానే పోతుంది.