మిస్సింగ్‌నో: ఖాళీలను చూపే లైబ్రరీ, దానికి తోడు హిస్టోగ్రామ్

కొత్త డేటా చేతికి వచ్చినప్పుడల్లా పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో నేను ముందుగా తెరిచే లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్ సమాహారం), చాలాకాలంగా, మిస్సింగ్‌నో. డేటాలో విలువలు లేని చోట్లను అది బొమ్మగా చూపిస్తుంది. పాండాస్ డేటాఫ్రేమ్‌ను (పైథాన్‌లో డేటాను దాచే పట్టికను) అందిస్తే చాలు, దాని మ్యాట్రిక్స్ చిత్రంలో ఒక్కో కాలమ్ ఒక్కో నిలువు పట్టీగా నిలుస్తుంది. విలువ ఉన్నచోట ముదురు రంగు, లేనిచోట తెల్లటి గీత కనిపిస్తాయి.

అందరికీ తెలిసిన టైటానిక్ శిక్షణ డేటానే తీసుకుందాం. అందులోని 891 మంది ప్రయాణికుల్లో 177 మందికి వయసు, 687 మందికి క్యాబిన్ నమోదు కాలేదు. ఈ లెక్కకు బొమ్మ అక్కరలేదు. అయితే వరుసలను ప్రయాణ తరగతి ప్రకారం అమర్చి మ్యాట్రిక్స్ గీస్తే, క్యాబిన్ పట్టీ పైభాగం ముదురుగా, కిందిదంతా దాదాపు తెల్లగా మారుతుంది. మొదటి తరగతిలో 216 మందికి గాను 176 మంది క్యాబిన్ వివరాలు ఉండగా, మూడో తరగతిలోని 491 మందిలో 12 మందివే ఉన్నాయి. ఖాళీ ఉన్న వరుసలన్నీ తీసేస్తే మూడో తరగతి దాదాపుగా తుడిచిపెట్టుకుపోతుందని అప్పుడు కళ్లకు కడుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఓడ ఎక్కిన రేవు కాలమ్‌లోని రెండు ఖాళీలు ఆ బొమ్మలో దాదాపు కంటికి ఆనవు; లక్షల వరుసలుంటే చెప్పనక్కరలేదు. కాలమ్‌లు 50 దాటితే, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప, పేర్లు కనిపించవు. ఏ కాలమ్‌ల ఖాళీలు కలిసి వస్తాయో చెట్టుకొమ్మల్లా చూపే డెండ్రోగ్రామ్ కూడా ఇందులో ఉంది కానీ, దాని అవసరం నాకు అరుదుగానే పడింది.

అసలు పరిమితి వేరే చోట ఉంది. అమెరికాలోని పీమా తెగ మహిళల మధుమేహ డేటాలో 768 వరుసలున్నాయి. మ్యాట్రిక్స్ గీస్తే ఒక్క తెల్లగీతా ఉండదు. ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో స్తంభాలుగా చూపే హిస్టోగ్రామ్ గీసినప్పుడు మాత్రం ఇన్సులిన్ కాలమ్‌లో సున్నా దగ్గర 374 విలువలు గోపురంలా లేస్తాయి, రక్తపోటులో 35 మందికి సున్నా కనబడుతుంది. బతికున్న మనిషికి రక్తపోటు సున్నా ఉండదు కదా! కొలత లేనిచోట సున్నా రాశారన్నమాట. వాటిని నిజమైన ఖాళీలుగా మార్చి మళ్లీ మ్యాట్రిక్స్ గీస్తే, చర్మపు మడత మందం లేని 227 వరుసల్లోనూ ఇన్సులిన్ కూడా లేదని బయటపడుతుంది.

ఈ పనికి నేను, బొమ్మలు గీసే మరో పైథాన్ లైబ్రరీ అయిన సీబార్న్‌లోని హిస్టోగ్రామ్‌నే వాడతాను. స్తంభాలకు బదులు గీసే నునుపైన సాంద్రత వక్రరేఖ (డెన్సిటీ కర్వ్) ఆ సున్నాలను పక్క విలువల్లో కలిపేసి, రుణ విలువలు కూడా ఉన్నట్టు సాగుతుంది. మరొక జాగ్రత్త: ఇదే డేటాలో గర్భధారణల సంఖ్య సున్నా కావడం సహజమే కనుక, సున్నాలన్నింటినీ ఒక్క ఆదేశంతో ఖాళీలుగా మార్చకూడదు, కాలమ్‌వారీగా నిర్ణయించుకోవాలి.